ఒక్కొక్కటి బాబాయి, వణికే బండి

బాబాయి ఒకేసారి రెండు మార్పులు చేయడు. ఇంకొకళ్లని చేయనివ్వడు. చేశారని తెలిస్తే ఊరుకోడు. లోకంలో ఉన్న గందరగోళమంతా మనుషులు ఒకేసారి రెండేసి మార్పులు చేయడంవల్లే వచ్చిపడిందని ఆయన గట్టి నమ్మకం. "ఒక్కసారికి ఒక్కటే" అన్న మాట ఆయన నోట రోజుకి ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. చుట్టాలంతా విసిగిపోయి ఆయనకి ఒక్కొక్కటి బాబాయి అని పేరు పెట్టేశారు. ఆయనకి కోపం రాలేదు సరికదా, "పేరు బాగానే ఉంది. కొన్నాళ్లు ఇదే వాడి చూడండి. కుదరకపోతే అప్పుడు ఇంకోటి చూద్దాం" అన్నాడు.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగంలో అంటుకుంది. ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. స్విచ్ వేస్తే మూలిగే ఫ్యాన్లన్నీ ఆయన బల్లమీదికే వచ్చేవి. ఒక రెక్క మార్చడం, తిప్పడం, వినడం. తర్వాత బేరింగు మార్చడం, తిప్పడం, వినడం. అలా ఉద్యోగం ఉన్నంతకాలం ఫ్యాన్ల మూలుగులు విని రిటైరయ్యాడు. ఫ్యాన్లు ఫ్యాక్టరీలోనే ఉండిపోయాయి, అలవాటు మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేసింది.

కాఫీ సంగతే చూడండి. పిన్ని కప్పు చేతికిస్తుంది. ఆయన ఒక గుక్క తాగుతాడు.

"చక్కెర కాస్త తగ్గినట్టుందే."

పిన్ని చెంచాడు చక్కెర పట్టుకొస్తుంది.

"అరచెంచా చాలు. చూద్దాం."

కలుపుతాడు. తాగుతాడు. కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు. "ఇప్పుడు చల్లారినట్టుంది."

"ఇలా ఇవ్వండి, ఇంకో అరచెంచా వేసి వేడిచేసి తెస్తాను."

"అమ్మో! వేడీ పెంచి, చక్కెరా పెంచితే, కాఫీ దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది? ముందు వేడి చెయ్యి. చక్కెర సంగతి తర్వాత."

ఆ కప్పు ఖాళీ అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ఈ మనిషికి కాఫీ ఇవ్వడంకన్నా కాఫీ తోట వేయడం తేలిక అంటుంది పిన్ని.

ఒకసారి జలుబు చేస్తే డాక్టరు మూడు రకాల మాత్రలు రాశాడు. బాబాయి తెల్లది ఒక్కటే వేసుకుని, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నాడు. పచ్చదాని వంతు వచ్చేలోపే జలుబు దానంతటదే తగ్గిపోయింది. ఇంకొకళ్లయితే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఈయన మాత్రం ఏదో అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "ఏ మాత్రకి దణ్ణం పెట్టుకోవాలో తేలకుండానే తగ్గిపోయిందండీ. మళ్లీ వస్తే పచ్చదాంతో మొదలుపెడతాను." ఆ డాక్టరు ఆ తర్వాతనుంచి బాబాయికి ఒక్క మాత్రే రాస్తున్నాడు.

పోట్లాటలోనూ ఇదే వరస. "గేటుకి గొళ్లెం పెట్టలేదు, తడి తువ్వాలు మంచంమీద పడేశారు, మా అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు!" అని పిన్ని విరుచుకుపడితే, బాబాయి చెయ్యెత్తి ఆపుతాడు. "ఒక్కసారికి ఒక్కటే. వీటిలో నీకు ఎక్కువ కోపం దేనిమీదో అది ముందు చెప్పు." ఆవిడ నిజంగానే నిలబడి ఆలోచిస్తుంది. ఆలోచనలో పడ్డ మనిషికి కోపం ఎంతసేపని నిలుస్తుంది? "పోండి, మీతో ఎవరు పడతారు!" అని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

బాబాయి, పిన్ని మేడమీది వాటాలో ఉంటారు. వాళ్లకి పిల్లల్లేరు. కింది వాటాలో బాబాయి అన్న కొడుకు, అతని భార్య, వాళ్ల పాప. ఈ కోడలంటే బాబాయికి ప్రాణం. దానికి కారణం మంచం. ఒకసారి ఆయన మంచం కిర్రుమంటోందని ఒక్కో కోడుకింద ఒక్కోరోజు అట్టముక్క పెట్టి చూశాడు. నాలుగు కోళ్లూ అయిపోయినా కిర్రు మాత్రం పోలేదు. కోడలు ఫిజియోథెరపిస్టు. ఆమె వచ్చి, "మావయ్యగారూ, ఓసారి మంచం దిగి, ఇలా ఓ గుంజీ తీయండి" అంది. తీశాడు. కిర్రుమంది. ఆ చప్పుడు మంచానిది కాదు, ఆయన మోకాలిది! ఆ రోజునుంచి ఆయన దృష్టిలో ఆ ఇంట్లో బుర్రున్నది ఆమె ఒక్కతెకే.

అటువంటి కోడలు ఓ సాయంత్రం వంటింట్లో గోడకి ఆనుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది.

సంగతేమిటంటే, కొండకి అవతలున్న ఊళ్లో కొత్త ఆసుపత్రి కట్టారు. అక్కడ కాళ్లూ చేతులూ సరిచేసే విభాగం మొత్తం ఆమె చేతుల్లో పెడతామన్నారు. అటువంటి అవకాశం కోసం ఆమె ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తోంది. చిక్కల్లా దారితోనే. డ్యూటీ వేళకి బస్సు లేదు. ఇంట్లో మాత్రం ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద కారు ఒకటుంది. భర్త ఇంట్లోంచే పనిచేస్తాడు కాబట్టి అది ఎక్కువగా నీడపట్టున కునుకు తీస్తూ ఉంటుంది. సరేనని ఆమె పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, ఆ రోజే మొదటిసారి భర్తని పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కింది.

ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు ఒక మలుపులో బ్రేకు తొక్కేసరికి స్టీరింగ్ చేతుల్లో గడగడా వణికిపోయింది. ఎలాగో రోడ్డు పక్కకి తీసి ఆపింది.

"అలా తొక్కుతావేంటి? బ్రేకుమీద నిలబడతారా ఎవరైనా? నీ కాలు మరీ బరువు!" అని అరిచాడు భర్త.

అతను చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు, అంతే. భయం వేసినప్పుడు పక్కవాళ్లమీద అరిచే మగవాళ్లు లోకంలో కొల్లలు. మిగతా దారి అతనే నడిపాడు. గేర్లు తగ్గించుకుంటూ, బ్రేకు అంటీముట్టనట్టు తొక్కుతూ దింపాడు కాబట్టి వణుకు పెద్దగా తెలియలేదు. ఇంకేముంది, తప్పు కాలిదేనని ఇద్దరికీ ఖాయమైపోయింది. ఊళ్లోవాళ్ల కాళ్లన్నీ సరిచేసే మనిషి ఆ రోజుతో తన కాలిని నమ్మడం మానేసింది.

"ఎవరికమ్మా ఫోన్?" అన్నాడు బాబాయి గుమ్మంలో నిలబడి.

"ఆసుపత్రికి మావయ్యగారూ. రాలేనని చెప్పేద్దామని. నావల్ల కాదు. నా కాలు బరువట. నేను బ్రేకు తొక్కితే బండే భయపడి వణికిపోతోంది."

బాబాయి కళ్లు మెరిశాయి. మూలిగే ఫ్యాన్ బల్లమీదికి వచ్చి ఎన్నాళ్లైంది మరి!

"ఎప్పటిలోగా చెప్పమన్నారు?"

"నెలాఖరులోగా."

"అయితే ఫోన్ పక్కన పెట్టు. బండి పాడైందా, కాలు పాడైందా తేలకుండా ఉద్యోగం మార్చేస్తే ఎలా? ఒక్కసారికి ఒక్కటే."

మర్నాడు పొద్దున్నే బాబాయి కారు తీసుకుని వీధి చివరున్న మెకానిక్ షెడ్డుకి వెళ్లొచ్చాడు. "ఆపడంలో బండికి లోటేమీ లేదమ్మా, మెకానిక్ అన్నీ విప్పి చూశాడు. బ్రేకు గట్టిగానే పడుతోంది. కాకపోతే వణుకుతూ ఆగుతోంది. ఎందుకు వణుకుతోందో మనం కనిపెట్టాలి. సాయంత్రం బయల్దేరుదాం. నువ్వు నడుపు."

"నేనా!" అంది కోడలు. "ఆయన్ని నడపమనండి. లేదా మీరు నడపండి."

"భలేదానివే. వణుకు వచ్చినప్పుడు నడిపిందెవరు? నువ్వు. ఇప్పుడు నడిపే మనిషిని మార్చి, బండిలోనూ ఏదో ఒకటి మారిస్తే రెండు మార్పులు కావా? తేడా దేనివల్లో తేలుతుందా? స్టీరింగ్ ముందు మాత్రం నువ్వే ఉండాలి."

"పోనీ నేను పక్కన కూర్చుంటాను బాబాయ్" అన్నాడు భర్త.

"నువ్వెక్కితే బరువు మారుతుందిరా. అదింకో మార్పు. నువ్వు ఇంట్లో ఉండు."

అలా అంతవరకూ పక్కసీట్లోంచి సలహాలిచ్చిన మనిషిని గేటు దగ్గరే నిలబెట్టేశాడు. ఆ సీట్లో తనెక్కి కూర్చున్నాడు. వెనక సీట్లో పాపని కూర్చోబెట్టాడు. అన్న కొడుకు ఎక్కితే బరువు మారేటప్పుడు ఈయనెక్కితే మారదా అని అడగాలని ఎవరికీ తట్టలేదు. బాబాయి మాట్లాడే తీరే అటువంటిది, వింటున్నంతసేపూ అంతా సబబుగానే ఉంటుంది.

గోదాముల వెనక ఖాళీ రోడ్డు ఒకటుంది. అక్కడికి తీసుకెళ్లమన్నాడు. కోడలు స్టీరింగ్‌ని పట్టుకున్న పట్టు చూస్తే అది ఎక్కడికో పారిపోతుందేమో అనిపిస్తుంది.

"ఇప్పుడు మామూలుగా పోనీ. వణుకుతోందా?"

"లేదు మావయ్యగారూ."

"అంటే టైర్ల తూకం బాగానే ఉంది. టైర్ల తేడా అయితే బ్రేకుతో పనిలేకుండానే వణికేది. ఇప్పుడు కాస్త వేగం పెంచి, మెల్లిగా బ్రేకు తొక్కు."

తొక్కింది. స్టీరింగ్ గడగడలాడింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకోబోయి, నడుపుతున్నది తనేనని గుర్తొచ్చి మానుకుంది. బండి బుద్ధిగా ఆగింది.

"ఇన్‌స్పెక్టరుగారూ, మీ సీటు వణికిందా?" అని వెనక్కి తిరిగి అడిగాడు బాబాయి.

"లేదు తాతయ్యా!" అంది పాప, సీటుకి రెండు చేతులూ ఆనించి. "నేనే నవ్వు వచ్చి వణికాను."

"సీటు వణకలేదంటే వెనక చక్రాల తప్పు కాదు. స్టీరింగ్ వణికిందంటే ముందు చక్రాల దగ్గరే ఉంది దొంగ." బాబాయి చేతులు రుద్దుకున్నాడు. "ఇవాళ్టికి ఇంతే."

"ఇంతేనా?"

"ఒక్కసారికి ఒక్కటే."

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. ఒక రోజు టైర్లలో గాలి సరిచేయించాడు. సాయంత్రం కోడలు నడిపింది. వణుకు అలాగే ఉంది. ఇంకో రోజు తనే స్పానర్ పట్టుకుని చక్రాల నట్లు వదులుచేసి, ఒకదానికి ఎదురుగా ఇంకోటి బిగించాడు. వరసగా బిగిస్తే చక్రం ఓరగా కూర్చుంటుందట. కోడలు నడిపింది, వణుకు పోలేదు. ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించాడు. నడిపింది. అయినా వణికింది. బ్రేకు ప్యాడ్లని పట్టుకునే ఇనుప పిన్నులు బిగుసుకుపోయాయేమోనని గ్రీజు పెట్టించాడు. మళ్లీ నడిపింది, మళ్లీ వణికింది.

ఒక్కో మార్పుకి ఒక్కో దారి చెప్పేవాడు. మొదట గోదాముల రోడ్డు. గాలి పట్టించాక మార్కెట్ మీదుగా. నట్లు బిగించాక బైపాస్ ఎక్కమన్నాడు. గ్రీజు పెట్టించాక కొండ మొదట్లో ఉన్న రెండు మలుపులదాకా వెళ్లమన్నాడు. ఇదేమిటని అడిగితే, "ఈ మార్పుకి ఈ రోడ్డే సరైన పరీక్ష" అనేవాడు. గ్రీజుకీ కొండకీ ఏమిటి సంబంధమో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఇంట్లో భర్తకి తల ప్రాణం తోకకి వస్తోంది. "ఇదేం చోద్యం బాబాయ్! మంచి వర్క్‌షాపులో పడేస్తే ఒక్క పూటలో అన్నీ మార్చి ఇచ్చేస్తారు కదా!"

"అన్నీ మార్చేస్తే పాడైందేదో ఎలా తెలుస్తుందిరా?"

"తెలియకపోతే కొంపలేం మునిగిపోతాయి?"

"ఇప్పటికే మీ ఆవిడ కాలే పాడైందని నువ్వు తేల్చేశావుగా. అదే నిజమని ఉండిపోయేది."

భర్త మేడ దిగిపోయాడు. నెలాఖరు మాత్రం దగ్గరపడుతోంది. కోడలికి లోపల గుబులుగానే ఉంది. అయితే ఆమెకి తెలియకుండానే ఒక సంగతి జరుగుతోంది. మొదట్లో "నాకు వణుకొచ్చేసింది మావయ్యగారూ" అనేది. తర్వాత్తర్వాత "బండి వణికింది" అనడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకి బ్రేకు తొక్కకముందే, "చూస్తూ ఉండండి, ఇప్పుడీ మహాతల్లి వణుకుతుంది" అని చెప్పి మరీ తొక్కేది. అది వణికేది. ఈమె మాత్రం ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో వెనక పాపకి నీళ్ల సీసా అందించేది. ఒకరోజు మార్కెట్లో ఎవరో సైకిలుమీద అడ్డంగా వచ్చేస్తే చటుక్కున బండి ఆపి, కిటికీ దింపి ఆ మనిషికి నాలుగు చీవాట్లు పెట్టింది. బాబాయి ఆ రోజు దారిపొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ మర్నాడు, "కారు షెడ్డులో ఇచ్చాను. సాయంత్రం వెళ్లి తెచ్చుకోమ్మా, నాకు మోకాలు నొప్పిగా ఉంది" అన్నాడు.

కోడలు షెడ్డుకి వెళ్లేసరికి ముందు చక్రాలు రెండూ ఊడదీసి ఉన్నాయి. మెకానిక్ కొత్త డిస్కు ఒకటి బిగిస్తున్నాడు. పళ్లెమంత ఇనుప బిళ్ల అది, చక్రంతోపాటు తిరుగుతూ ఉంటుంది. బ్రేకు తొక్కగానే ప్యాడ్లు రెండు వైపులనుంచీ దాన్ని పట్టుకుని ఆపుతాయి. పాతది కింద పడి ఉంది.

"ఇదిగోండి మీ వణుకు" అని మెకానిక్ పాతదాన్ని కాలితో జరిపాడు. "వంకర పోయింది. ప్యాడ్లు పట్టుకున్నప్పుడల్లా అది అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఎవరు తొక్కినా వణకాల్సిందే. డిస్కులూ, ప్యాడ్లూ రెండూ కొత్తవేస్తున్నాను, ఇంక చూసుకోనక్కర్లేదు."

"రెండూనా? ఒకేసారా? మా మావయ్యగారికి తెలుసా?"

"ఆయనే చెప్పారమ్మా. కొత్త డిస్కుకి అరిగిన ప్యాడ్లు వేస్తే మళ్లీ మొదటికొస్తుందని, రెండూ ఒకేసారి మార్చమన్నారు."

"ఎప్పుడు చెప్పారు?"

"ఎప్పుడేంటి, బండి తెచ్చిన మొదటిరోజే! పొద్దున్నే కొండ దిగి చూసుకుని తిన్నగా ఇక్కడికే వచ్చారు. డిస్కే పోయిందన్నారు. విప్పి చూస్తే అదే. సామాను తెప్పించి ఉంచు, నేను చెప్పేదాకా చెయ్యి వేయకు అన్నారు. ఆ డబ్బాలు అప్పట్నుంచీ ఇక్కడే నా కాళ్లకి అడ్డం పడుతున్నాయి. ఇంత తాపీ మనిషిని నేనెక్కడా చూడలేదు."

కోడలు కారు తీసుకుని ఇంటికొచ్చింది. దారిలో అన్నిచోట్లా బ్రేకు తొక్కి చూసింది. స్టీరింగ్ నిమ్మకి నీరెత్తినట్టుంది. ఈమె మాత్రం నిమ్మళంగా లేదు. చెప్పులు విడవకుండానే మేడెక్కింది.

బాబాయి అరచెంచా చక్కెర కలుపుకుంటున్నాడు.

"మావయ్యగారూ, మొదటిరోజే తెలుసట కదా!"

"ఏదీ?"

"డిస్కు. మొదటిరోజే మీరు నడిపి చూశారట. నడిపే మనిషి మారకూడదన్నారే? గాలీ, నట్లూ, గ్రీజూ, ఇవన్నీ ఎందుకు మరి? నన్ను ఇన్నాళ్లూ ఆ వణికే బండిమీద ఎందుకు తిప్పారు?"

బాబాయి చెంచా పక్కన పెట్టాడు. దొరికిపోయిన మొహంతో పిన్ని వైపు చూశాడు. పిన్ని, మీ తిప్పలు మీరు పడండన్నట్టు అటు తిరిగింది.

"రిపేర్లు రెండున్నాయమ్మా" అన్నాడు చివరికి. "ఒకటి బండిది, ఒకటి నీది. ఒక్కసారికి ఒక్కటే కదా. ముందు నీది చేశాను."

కోడలు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ముందే డిస్కు మార్చి ఇచ్చాననుకో, నువ్వు నడిపేదానివే. కానీ బండి మంచిది కాబట్టి నడిపాను, లేకపోతే నావల్ల అయ్యేది కాదు అనుకునేదానివి. రేపు ఇంకేదో చిన్న చప్పుడొస్తే మళ్లీ తాళాలు గోడకి తగిలించేదానివి. అంత వణుకులో కూడా నువ్వు కొండ మొదలుదాకా వెళ్లొచ్చావు. ఇంక ఏ బండి ఇచ్చినా ఫరవాలేదు."

ఆమెకి కళ్లనిండా నీళ్లు తిరిగాయి, వాటితోపాటే నవ్వూ వచ్చేసింది. "ఏది ముందు కానిమ్మంటారు మావయ్యగారూ, ఏడవమంటారా, నవ్వమంటారా?" అంది.

"నవ్వు. ఏడుపు తర్వాత చూద్దాం. కాఫీ చల్లారిపోతోంది."

అప్పటికే భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బాబాయి అతన్ని చూసి, మామూలుగానే అడిగాడు. "ఒరే, కొండ దిగి ఇల్లు చేరగానే నువ్వు మొదట చేసే పనేంటి?"

"కారు కడుగుతాను. దుమ్ము పట్టి ఉంటుంది కదా."

"చక్రాలు?"

"వాటినే ముందు. పైపు పెట్టి గట్టిగా కొడతాను, మట్టంతా పోవాలిగా." అంటూనే అతని గొంతు సన్నబడింది. కొండ దిగిన బ్రేకులు నిప్పుల్లా కాలి ఉంటాయని, ఆ కాలిన ఇనుముమీద చన్నీళ్లు కొడితే డిస్కు వంకర పోతుందని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అతను కాసేపు బుర్ర గోక్కుని, భార్య పక్కకి వచ్చాడు. "నీ కాలిది కాదే తప్పు. నా పైపుది. ఊరికే అరిచాను నీమీద. ఏమనుకోకు."

"ఇకనుంచి ఇల్లు చేరగానే ముందు టీ తాగరా" అన్నాడు బాబాయి. "తర్వాత కడుక్కోవచ్చు."

ఉద్యోగంలో చేరే రోజున బాబాయి తెల్లారకముందే తయారై ముందు సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడేం పరీక్ష అని పిన్ని అడిగితే, పరీక్షేం లేదు, ఊరికే కొండ చూసొస్తానన్నాడు. కోడలు కొండెక్కింది. పైన కాస్త మంచు ఉంది, ఎదురుగా లారీలు వస్తున్నాయి. దిగేటప్పుడు మొదటి మలుపు దగ్గర బ్రేకుమీద కాలు పెట్టింది. బండి చక్కగా నెమ్మదించింది. చూశారా అని చెప్పబోయి పక్కకి తిరిగింది.

బాబాయి తల కిటికీకి వాల్చి, నోరు తెరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆమె నవ్వుకుంది. ఆయన నిద్ర చెదరకుండా తర్వాతి మలుపుకి కాస్త ముందుగానే, మెల్లిగా బ్రేకు తొక్కింది.